కొంగలు దిగని దిబ్బ

రెండు చెరువుల మధ్య పొడుగాటి ఇసుక దిబ్బ. దాని మీద తెల్లరాళ్లతో పెద్ద పెద్ద అక్షరాలు. ఆకాశంలో పోయే ఎర్రకాళ్ల కొంగలు అవి చదువుకునే కిందికి దిగేవి. పడమటి కొసన "పడమట నీళ్లున్నాయి", తూర్పు కొసన "తూర్పున నీళ్లున్నాయి". నిరుడు పేర్చిన రాతలవి.

ఈ ఏడు పడమటి చెరువు ఎండి బురదగుంటయింది. అక్కడ దిగితే కాళ్లు కూరుకుపోవడమే. రాత మార్చే పని మంగతాయిది. మంగతాయంటే తాబేలు.

"ఏం వదినా, ఇంకా తెల్లవారనే లేదు, అప్పుడే బయల్దేరావ్?" అంది గేదె కోటమ్మ.

"ఇవాళో రేపో రాజ్యం వస్తుందే! పిల్లల్ని తెచ్చి చూపిస్తానంది. దాని గొంతు వినక ఎన్నాళ్లయిందో. ఏ రెక్క చప్పుడైనా అదేననిపిస్తోంది."

"ఓ కొంగ కోసం ఇంత బెంగేమిటమ్మా!"

"నాతో కూర్చుని కబుర్లు చెప్పేది అదొక్కతే కదే. మీరంతా వచ్చి నీళ్లు తాగి పోతారు."

కోటమ్మ గట్టున మేతలో పడింది.

ఆ దిబ్బకో కట్టడి ఉంది. రాత మార్చేవాళ్లు ముందుగా గట్టున ఓ తుంగకాడ నాటాలి. అది పీకేదాకా రెండోవాళ్లు ఒక్క రాయీ ముట్టకూడదు. మంగతాయి కాడ నాటి, మంచులో పడమటి కొసకు పాకింది. "ఉన్నాయి" చెరిపి "లేవు" అని పేర్చడం మొదలుపెట్టింది.

కాసేపటికి నక్క జగ్గప్ప దిగాడు. వాడి ఎత్తు వేరే. తూర్పున నీళ్లు లేవని రాస్తే కొంగలన్నీ పడమటి బురదలో దిగుతాయి, కాళ్లు ఇరుక్కుంటాయి, ఇక వీడికి పండగే!

"ఒరే, తుంగ నాటి ఉంది, కనపడలా?" అని కసిరింది కోటమ్మ.

"కనపడకేం అత్తా! అక్క ఆ కొసన ఏవో రాళ్లు సర్దుకుంటోంది, ఏటా ఉండేదేగా. నేనీ కొసన. ఒకరికొకరం అడ్డమా ఏమన్నా?"

"అడ్డమో కాదో, అదయ్యాక రా."

"అయ్యేసరికి కొంగలు వచ్చి పోతాయి. తాబేలు పనికి నేను కాచుక్కూర్చోవాలా?"

వినే రకమా వాడు? మంచులో తూర్పు కొసకు చేరి, చకచకా "ఉన్నాయి" లాగేసి "లేవు" అని పేర్చి, పొదలో నక్కాడు. ఆ కొసన ఏం మారుతోందో వీడికి తెలియదు, ఈ కొసన ఏం మారిందో ఆమెకు తెలియదు.

మంగతాయి ఆఖరి రాయి పెట్టి, తూర్పు రాత కూడా ఓసారి చూసుకుందామని బయల్దేరింది. సగం దూరం పోయిందో లేదో మంచు విడిపోయింది. పైన రెక్కల చప్పుడు.

"రాజ్యం! ఇక్కడున్నానే!" అని అరిచింది.

కొంగలు దిబ్బ చుట్టూ తిరిగి రాతలు చదివాయి. పడమట నీళ్లు లేవు. తూర్పున నీళ్లు లేవు. ఒక కొంగ మాత్రం గుంపును వదిలి, మెడ వంచి వెతుకుతూ కిందికి వచ్చింది. దాని వెనక రెండు చిన్న కొంగలు. మంగతాయి మెడ సాగదీసి అరుస్తూనే ఉంది. ఇసుక రంగు డిప్ప ఇసుకలో ఏం కనబడుతుంది చెప్పండి? పిల్లలు దాహమని ఏడ్చాయేమో, అదీ తిరిగి గుంపులో కలిసిపోయింది.

పొదలోంచి జగ్గప్ప లబోదిబోమంటూ వచ్చాడు. "పడమట లేవని రాసిందెవరు? నా పొట్ట కొట్టిందెవరు?"

"నువ్వే!" అంది కోటమ్మ. "దాని పని అయ్యాక వచ్చుంటే ఏం మారిందో చదువుకునేవాడివి. నీ దొంగరాతైనా సరిగ్గా కుదిరేది. తుంగకాడ నీకు లెక్కలేదుగా, పో, ఎండ్రకాయ డొప్పలు నాకు."

మంగతాయి వాణ్ని తిట్టను కూడా లేదు. తూర్పు కొసకు పాకి, "లేవు" చెరిపి "ఉన్నాయి" అని పేర్చుకుంటోంది.

"ఇంకెవరి కోసం వదినా? వెళ్లిపోయాయిగా."

"దూరాన నీళ్లు దొరక్క మళ్లీ ఇటే తిరిగొస్తుందేమో కోటమ్మా" అంది తలెత్తకుండా. ఆ ఏడు రాజ్యం తిరిగి రాలేదు.

నీతి: ఒకరు దిద్దుతున్న రాతలో మరొకరు వేలు పెడితే, అక్కడ మిగిలేది ఇద్దరిలో ఎవరూ రాయని మాట.