సన్నికల్లు గోత్రం

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో పేరిందేవమ్మని ఒకావిడ. ఆవిడకి వంశం పిచ్చి. గుమ్మడికాయ కొన్నా ఏ పాదుదని అడిగేది, పాలు పోయించుకున్నా ఎవరింటి ఆవని అడిగేది. ఊ కొడుతున్నారా? ఏరా బుజ్జీ, నోట్లో వేలు తీసి కొట్టు.

ఆవిడ కొడుకు సూరప్పకీ, రోళ్ళు చెక్కే వీరన్న కూతురు అచ్చాయమ్మకీ పెళ్ళయింది. వంశం పిచ్చావిడ ఎలా ఒప్పుకుందంటారా? ఆ పిల్లనే చేసుకుంటానని సూరప్ప అన్నం మానేశాడు. మొగుడు మానేస్తే ఊరుకునేదే, కొడుకాయె!

పెళ్ళిలో పెళ్ళికూతురి కాలు సన్నికల్లు మీద పెట్టిస్తారు చూశారూ, ఆ పిల్ల తొక్కింది పుట్టింటి నల్లరాయి. కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు పట్టుకుంది. మా ఇంటిది పొడల రాయి, చుక్కచుక్కలుగా ఉంటుందే అది, తరాలనాటిది, ఈ బొగ్గుముక్క తొక్కితే పెళ్ళి చెల్లదు, మూఢం వెళ్ళగానే నువ్వు పుట్టింటికి నడువు, మా రాయి మీద వాడికి ఇంకో పెళ్ళి చేస్తానంది. సూరప్పేమన్నాడూ? అన్నం తింటున్నాడు.

ఆ సూరప్పంటే అచ్చాయమ్మకి ప్రాణం మరి, ఎందుకో మనకి తెలీదు గానీ. ఏడుస్తూ కూచోలేదు. పొయ్యిమీద పాకాలు పెట్టింది. పంచదార పాకం గిన్నెలోనే ఉంచి, మూతపెట్టి, గుడ్డలు చుట్టి వదిలేసింది. బెల్లం పాకం పళ్ళెంలో పారబోసింది. పళ్ళెంలోది ఇట్టే బిగిసి నున్నగా అయింది. గిన్నెలోది రోజుల తరబడి ఆరి ఆరి పలుకులు కట్టింది, పటికబెల్లంలాగా.

రాళ్ళూ ఇంతేనండీ అత్తయ్యా అంది. భూమి కడుపులో కరిగిన రాతిపాకమే రెండూనట. పొడల రాయి లోపలే నిదానంగా చల్లారింది, అందుకే పలుకులు కంటికి కనిపిస్తాయి. నల్లరాయి పొంగి పైకొచ్చి, గాలి తగిలి గబుక్కున గట్టిపడింది, అందుకే పలుకులు కంటికి ఆనవు. సరుకు కాస్త వేరు కాబట్టి రంగు వేరు. పుట్టిల్లు మాత్రం నిప్పే. మీ పాఠంలో గ్రానైటు, బసాల్టు అని లేవూ, అవే ఇవి.

అత్తగారు రెండు పాకాలూ రుచి చూసింది. చూశావా, మాది లోపల కుదురుగా చల్లారిన మర్యాదస్తుల రాయి, మీది పొంగి వీధిన పడింది, అంది. చెప్పిందంతా మళ్ళీ వంశంలోకే లాక్కుంది!

మూఢం వెళ్ళింది. కొత్త పెళ్ళికని అత్తగారు అటక మీది సన్నికల్లు దింపించింది. పెళ్ళిపెళ్ళికీ పసుపు పూయడమే గానీ కడిగిన వాళ్ళు లేరు. పసుపు మీద కుంకం, కుంకం మీద పసుపు. దగ్గరుండి కోడలిచేతే కడిగించింది. కడిగిన కొద్దీ పసుపు పోయింది, కుంకం పోయింది, పొడలూ పోయాయి. కింద నిగనిగలాడే నల్లరాయి!

వీధంతా చూస్తోంది. అచ్చాయమ్మ అడిగేసింది. "అయితే అత్తయ్యా, మీ పెళ్ళీ చెల్లనట్టే కదండీ. ఇద్దరం ఒకే బండిలో పుట్టిళ్ళకి పోదామా?"

మావగారు మొహం వెలిగిపోయి లేచాడు. "బండి కట్టమంటావుటే?"

అత్తగారు కొంగు దులుపుకుని, పొంగి పైకొచ్చిన రాయికున్న తెగువ లోపల కూచున్నదానికెక్కడిదీ అంది. కోడల్ని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకుపోయింది. బుద్ధొచ్చిందంటారా? మర్నాటినుంచీ మాది నల్లరాతి వంశమని ఊరంతా చెప్పుకు తిరిగింది. పోన్లెండి, అచ్చాయమ్మ కాపురం నిలిచింది, మనకది చాలు.

అందుకే ఇంకొకరి పుట్టుక అడిగేముందు మనింటి రాయి కడుక్కుని చూసుకోవాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.