తడి లేని రాయి

వేల్స్ కొండల్లో, మూడు ఊళ్ల మధ్య, ఒక పునీతుడు బావి తవ్వాడు. కింది ఏటి నుంచి రాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి లోపల చుట్టూ పేర్చాడు. ఏడేళ్లు పట్టింది. ఆ నీళ్లు తాగితే జ్వరాలు తగ్గేవి. పోయేముందు ఆయన అడిగింది ఒక్కటే.

"నా పేరు మీద ఏమీ కట్టకండి. ఏటా బావిలో పూడిక తీయండి, చాలు."

అందరూ కళ్లు తుడుచుకుని సరేనన్నారు. నెల తిరక్కుండానే మూడు ఊళ్లూ చర్చిలు మొదలుపెట్టాయి.

పునీతుడి చెయ్యి తగిలిన వస్తువు గోడలో లేకపోతే చర్చి నిలవదని అక్కడి నమ్మకం. ఆయనకు చెప్పుల జతైనా లేదాయె. మిగిలింది బావే. మొదటి ఊరు ఒక రాయి పట్టుకుపోయింది. "ఒక్క రాయే కదా!" అన్నారు. రెండో ఊరూ అదే మాట అంది. మూడో ఊరికి పంతం ఎక్కువ. ఆయన మొట్టమొదట పెట్టిన అట్టడుగు రాయినే పెకలించుకుపోయింది. ఆ ఏడాది వానలకు బావి కూలి పూడిపోయింది. జనం చర్చిలకు సున్నం కొట్టుకునే హడావిడిలో ఉన్నారు.

కొన్నాళ్లకు దూరం నుంచి ఒక తల్లి బిందెతో వచ్చింది. వీపు మీద కూతురి ఒళ్లు కాలిపోతోంది. బావి ఉండాల్సిన చోట గడ్డి మొలిచింది. ఆమె మూడో ఊరి చర్చికి పరుగెత్తింది.

"అయ్యా, పునీతుడి నీళ్లు?"

"నీళ్లెందుకమ్మా? ఆయన పెట్టిన రాయే ఇక్కడుంది. పాప చెయ్యి ఆనించు," అన్నాడు చర్చి గురువు, దయగానే.

పాప చెయ్యి ఆనించింది. "పొడిగా ఉందమ్మా," అంది.

"ఆ రాయి ఇవ్వండయ్యా. బావి నేనే తవ్వి పేర్చుకుంటాను."

"భలేదానివే! రాయి తీస్తే చర్చి కూలిపోదూ?"

సాయంత్రానికి పాప పోయింది.

మర్నాడు తల్లి ఆ గడ్డిలోనే గుంట తవ్వింది. పాత రాళ్లు తీసి గట్టున పడేసింది. నడుము లోతుకు వచ్చేసరికి పాదాల కింద తేటగా నీళ్లు ఊరాయి. బిందె పక్కనే ఉంది. ఆమె ముంచలేదు. కూతుర్ని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూలబడింది.

కబురు తెలిసి మూడు ఊళ్లూ వచ్చి మోకాళ్ల మీద పడ్డాయి. గురువు ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నాకు ఒళ్లు మండేది అందుకే. పాప పేరేమిటని మెల్లగా అడిగాడు. తర్వాత వంగి, గట్టున ఉన్న రాళ్లలో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క రాయే కదమ్మా," అన్నాడు.