అందరి పిడికిళ్లూ మునిగే బాన

మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, వాన ఎప్పుడూ దారి తప్పిపోయే మెట్టసీమలో, బొగడమెట్ట అని ఒక ఊరుండేది. ఊరి చివర తాటాకు గుడి. ఆ గుడికి జకరయ్య అని వాక్యం చెప్పే ఉపదేశి ఒకడు. అందరూ అయ్యగారూ అని పిలిచేవాళ్లేగాని, ఆయనకున్నవి రెండు పంచెలు, ఒక బైబిలు, పట్టిన పట్టు వదలని మొండితనం. పెళ్లాం ఏనాడో పోయింది. ఒంటి మనిషి.

ఆ ఊళ్లో ఒక అలవాటుండేది. పొయ్యిమీద ఎసరు పెట్టాక ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు గింజలు తీసి పక్కన చిన్న కుండలో వేసేది. కొర్రలైతే కొర్రలు, జొన్నలైతే జొన్నలు. "ఇది దేవుడి పిడికెడు" అనుకునేది. ఆదివారం ఆ కుండలు గుడికొచ్చేవి. అయ్యగారి పొట్ట ఆ గింజలతోనే గడిచేది. ఈ అలవాటు నేర్పింది జకరయ్యే.

ఒకసారి రేవుపట్నంలో పెద్ద ప్రార్థన కూటాలు జరుగుతున్నాయని కబురొచ్చింది. జకరయ్య నడిచి వెళ్లాడు. మూడు వారాల్లో వస్తానన్న మనిషి అక్కడ జ్వరంతో పడి మూడు నెలలకు లేచాడు. మళ్లీ నడక. కూటాల్లో పెద్ద పెద్దవాళ్లు చెప్పిన ప్రసంగాలు విన్నాడు కదా, వాటికి దీటైనది ఒకటి తనూ చెప్పాలని దారి పొడవునా నూరుకుంటూ వచ్చాడు. మొదటి మాట ఏమనాలి, ఎక్కడ గొంతు పెంచాలి, అన్నీ సిద్ధం చేసుకున్నాడు పాపం.

తీరా ఊరు చేరితే ఎదురొచ్చిన మనిషి లేడు. వాన పడలేదు. చేలు ఎండిపోయాయి. మొదటి ఇంట్లోకి తొంగి చూశాడు. పిల్లలు చింతగింజల జావ తాగుతున్నారు. పొయ్యి పక్కన దేవుడి కుండ నిండుగా ఉంది. రెండో ఇల్లు చూశాడు. అదే జావ, అదే నిండు కుండ. మూడో ఇంటి దగ్గర ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఇదేంటమ్మా, ఇంట్లో గింజలు పెట్టుకుని పస్తులుంటారా?"

ఆ ఇల్లాలు ఆయన్ని వింతగా చూసింది. "అయ్యి దేవుడియ్యి గదయ్యా. మీరేమో ఊళ్లో లేరు. మేమెట్టా ముట్టుకుంటాం?"

జకరయ్య ఆ నిండు కుండ వంక చూశాడు. ఇవ్వడం నేర్పాను, తీసుకోవడం నేర్పలేదు, తప్పు నాదే అనుకున్నాడు. ప్రసంగం ఎటు పోయిందో పోయింది. కాసేపు కూర్చోండి, దూరం నడిచొచ్చారు అన్నారు చుట్టూ చేరిన జనం.

"ఇంత దూరం నడిచొచ్చింది కూర్చోడానికి కాదు" అన్నాడు జకరయ్య.

ఆ పూటే కుండలన్నీ గుడికి తెప్పించి అంబలి కాయించాడు. ఊరంతా వచ్చి తాగింది. ఒక్క గడప మాత్రం కదల్లేదు. అది మంత్రసాని తబితమ్మది. ఆ ఊళ్లో సగంమందికి బొడ్డు కోసింది ఆమే. ఆమె ఇంట్లో గింజ అయిపోయి చాలా రోజులైంది. మనవరాలు లూదియ చాపమీద తోటకూర కాడలా వాడిపోయి ఉంది.

జకరయ్య చేటనిండా గింజలు పట్టుకెళ్లాడు. మాకున్నాయిలే అంది తబితమ్మ. మర్నాడు అంబలి పట్టుకెళ్లాడు. ఇప్పుడే తిన్నాంలే అంది. వదిలెయ్యండి, ఆమె మొండిది అన్నారు జనం.

"ఇంత దూరం నడిచొచ్చింది వదిలెయ్యడానికి కాదు" అన్నాడు జకరయ్య.

మూడోరోజు శనివారం. ఉత్తచేతులతో వెళ్లి ఆమె అరుగుమీద కూర్చున్నాడు.

"అయ్యా" అంది చివరికి తబితమ్మ, "ఈ ఊరి బిడ్డల్ని పట్టిన చేతులివి. పిల్లని చూస్తే కడుపు తరుక్కుపోతంది. అయినా అందరూ చూస్తుండంగా ఈ చేతులు చాపలేనయ్యా. నా వల్ల కాదు."

జకరయ్య లేచి వచ్చేశాడు. ఆమెను చంపుతున్నది ఆకలి ఒక్కటే కాదు, మన చూపులు కూడా అనుకున్నాడు.

ఆదివారం గుడి వాకిట్లో పెద్ద బాన ఒకటి పెట్టాడు. మిగిలిన గింజలు అందులో పోశాడు. మూతికి మధ్యలో చీల్చిన గుడ్డ కట్టాడు. ప్రసంగం ఇంతే చెప్పాడు:

"బయటికెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ ఇందులో చెయ్యి ముంచాలి. ఉన్నవాళ్లు వెయ్యండి, లేనివాళ్లు తియ్యండి. పిడికిలి మూసే ముంచండి, మూసే పైకి తియ్యండి. పక్కవాడి పిడికిలి వంక ఎవరూ చూడొద్దు. ముందు నేను."

ఆయన ముంచాడు. వెనక ఊరంతా ముంచింది. తబితమ్మ మనవరాలిని చంకనేసుకుని అందరికీ చివర వచ్చింది. ఆమె పిడికిలి మూసే లోపలికి వెళ్లింది, మూసే బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె ఇంటి కప్పుమీద పొగ లేచింది. ఊరంతా చూసి, చూడనట్టు ఊరుకుంది.

ఆ తర్వాత వానలు పడ్డాయి. తబితమ్మ పండుముసలిదయ్యాక పోయింది. లూదియ పెరిగి తనూ మంత్రసాని అయింది. జకరయ్య మాత్రం ప్రతి ఆదివారం అందరికంటే ముందు పిడికిలి ముంచుతూ, ముంచుతూ, ఒకనాడు కన్నుమూశాడు.

పాడె గుడి వాకిట్లోకి వచ్చింది. అప్పుడు జనంలో గుసగుస మొదలైంది. ఆయన ఇన్నేళ్లూ వేసేవాడంటావా, తీసేవాడంటావా? వేసేవాడని కొందరు, తియ్యకపోతే ఎట్టా బతికాడని కొందరు.

లూదియ ముందుకొచ్చి పాడె ఆపమంది. జకరయ్య చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, ఆ పిడికిలిని బానలో ముంచి తీసింది.

"చూడొద్దనే గదా ఆయన చెప్పింది" అంది. అందరూ తలలు వంచుకున్నారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు పోయినా పాడె ఆ బాన దగ్గర ఆగుతుంది. మోతుబరి అయినా, ముష్టివాడైనా, పిడికిలి మూసి ఒకసారి ముంచుతారు. ఆ కాసేపు ఊరు ఊరంతా తల పక్కకు తిప్పుకుంటుంది.