ఉప్పు మడుల మీద మబ్బు

ముక్తేశ్వరరావు మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన చెప్పుల కోసం బల్ల కింద తడుముకుంటున్నారంటే ఎవరికో ఎండలో నడక రాసిపెట్టి ఉందని విశాఖలో మా పరిశోధనశాలలో అందరికీ తెలుసు.

ఆ వేసవిలో ప్రశ్న అడిగింది ఎస్తేరు రాణి. ఉపగ్రహం తీసిన నేల చిత్రాల్లో మబ్బులనూ, వాటి నీడలనూ కనిపెట్టి తుడిచేసే ప్రోగ్రాం రాసింది ఆమె. మబ్బు కింద ఏముందో కనబడదు. నీడ పడిన పొలమేమో నీళ్ళు నిలిచినట్టు కనబడి మోసం చేస్తుంది. అందుకని రెండింటినీ తీసేసి, మిగిలిన నేలను మాత్రమే నమ్ముతారు. నాలుగేళ్ళ కష్టం అది. అది తుడిచి ఇచ్చిన చిత్రాలనే ప్రభుత్వ కార్యాలయాలూ వాడుతున్నాయి. దాన్ని తెగ మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి తరవాత జరిగినదాంట్లో నాకూ వాటా ఉంది.

"మాస్టారూ, నూటికి తొంభై ఏడు చోట్ల సరిగ్గా చెబుతోంది. ఆ మిగతా మూడింటి కోసం ఇంకో ఏడాది కూర్చోవాలా?" అంది ఎస్తేరు. గొంతులో విసుగు దాచుకోలేదు. పాపం, దాచుకునే ఓపిక కూడా లేదు.

"ఆ మూడింట్లో ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు. రేపు వెళ్ళి చూసొద్దాం" అన్నారు మాస్టారు, బల్ల కింద తడుముకుంటూ.

మర్నాడు ఉదయం ముగ్గురం జీపులో శ్రీకాకుళం జిల్లా తీరానికి చేరాం. కనుచూపు మేర ఉప్పు మడులే. గట్ల మీద తెల్లటి కుప్పలు కళ్ళు తెరవనివ్వడం లేదు. మడిలో కర్ర పలకతో ఉప్పు లాగుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి గట్టెక్కింది. పేరు గున్నమ్మ. అక్కడి నలభై కుటుంబాల ఉప్పు రైతుల సంఘానికి ఆమే పెద్ద. మాస్టారికి ఉత్తరం రాయించింది ఆమేనట. కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం ఒకటి ఎస్తేరు చేతిలో పెట్టింది.

భూముల కార్యాలయం వాళ్ళ నోటీసు అది. మూడేళ్ళుగా ఈ భూముల్లో ఉప్పు పండించిన ఆనవాళ్ళు ఉపగ్రహ చిత్రాల్లో లేవు కనుక కౌలు రద్దు చేయదలిచామనీ, చెప్పుకునేది ఏమైనా ఉంటే పది రోజుల్లో వచ్చి చెప్పుకోవాలనీ ఉంది.

"ఉప్పు పండనేదని రాసినారు. మరి మూడేళ్ళూ మేం ఏటి లాగినాం తల్లీ, ఇసకా?" అంది గున్నమ్మ.

ఎస్తేరు గట్టు మీదే కూలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ మూడు వేసవుల చిత్రాలూ ఒకటొకటే తీసి చూసింది. ప్రతి దాంట్లోనూ ఈ మడులున్న చోటు తుడిచేసి ఉంది. ఉప్పు తెల్లగా పండి కుప్పలు పడే నెలల్లో దాన్ని మబ్బనుకుని ప్రోగ్రాం కొట్టేసింది. ఇక మిగిలినవి వానాకాలం చిత్రాలు. వాటిలో ఉన్నది బురదనీళ్ళు. కార్యాలయం వాళ్ళు ఆ బురద చూసే నోటీసు రాశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎస్తేరు మాత్రం తల దించుకోలేదు.

"అమ్మా, ఇది నేను చేసిన తప్పే. మీ ఉప్పును మబ్బనుకుంది నా ప్రోగ్రాం" అంది.

గున్నమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మబ్బా! ఉప్పు పండించీవోళ్ళకి మబ్బును మించిన పగోడు నేడు గదే. పోయి పోయి ఆడి పేరా మాకెట్టినావు?" అంది. తిడుతుందనుకున్నాం గానీ, పక్క మడిలోవాళ్ళను పిలిచి మరీ చెప్పి నవ్వింది. ఆ నవ్వు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మాస్టారు ఈ వ్యవహారం తనది కానట్టు ఒక ఉప్పురవ్వ నోట్లో వేసుకుని సముద్రం వైపు చూస్తున్నారు.

గున్నమ్మ మళ్ళీ మడిలోకి దిగింది. కాసేపటికి పని ఆపి, కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూసి, "కుప్పల మీద కప్పడానికి తాటాకులు తియ్యక్కర్నేదు, సిన్నదే, పోద్ది" అని కేకేసింది. మేం తలెత్తి చూస్తే ఒక చిన్న మబ్బు తునక సముద్రం మీంచి వస్తోంది. ఆమె మాత్రం తల ఎత్తనే లేదు.

"పైకి చూడకుండా ఎలా తెలిసిందమ్మా?" అని అడిగింది ఎస్తేరు.

"ఈ తెలుపు మీద నిలబడి పైకి సూత్తే కళ్ళుంటాయేటి? నాను నీడనే సూత్తాను. మబ్బంటూ ఉంటే దాని నీడ ఎక్కడో కాడ పడాల గదా."

ఎస్తేరు కదలకుండా ఆ నీడ వైపే చూసింది. అది మడులు దాటి, గట్లు ఎక్కి దిగి, మా పక్కనుంచి పోయింది. కుప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె ప్రోగ్రాం ముందు మబ్బును పట్టుకుని, ఆ తరవాత దాని నీడను వెతికేది. నీడ దొరక్కపోతే సరేలే అని ఊరుకునేది. దొరకనప్పుడు అసలది మబ్బేనా అని వెనక్కి తిరిగి అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. చూసి మెచ్చుకున్న మాకూ రాలేదు.

ఆ వారం ఎస్తేరు ఇంటికి పోయింది తక్కువ. ఉపగ్రహం పోయే వేళకు సూర్యుడు ఏ పక్కన ఉంటాడో చూసి, దానికి ఎదురు దిక్కున నేల మీద నీడ దొరకని తెలుపును మబ్బుల్లోంచి తీసి తిరిగి నేలకు అప్పగించింది. మూడు వేసవుల ఉప్పూ తేదీలతో సహా పైకి తేలింది. గడువుకు ఒక రోజు ముందు ఆ చిత్రాలు పట్టుకుని తనే కార్యాలయానికి వెళ్ళింది. తప్పు తనదని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆ అధికారి మంచివాడు. చిత్రాలను మార్చి మార్చి చూసి, నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే రాసిచ్చాడు.

బయట మెట్ల మీద మాస్టారితోనూ నాతోనూ కూర్చున్న గున్నమ్మకు ఎస్తేరు ఆ చిత్రం చూపించింది. ఆమె వేలు మడులకు నీళ్ళొచ్చే కాలవ వెంబడి మెల్లగా పోయి ఒక తెల్లటి చార దగ్గర ఆగింది. "ఇది మాదే" అంది. కళ్ళు ఒత్తుకుంది.

ఎస్తేరుకీ ఏడుపు వచ్చింది. "దొరికారు మాస్టారూ, నలభై ఇళ్ళవాళ్ళూ దొరికారు" అంది.

"వాళ్ళెక్కడికి పోయారమ్మా," అన్నారు మాస్టారు, "ఇప్పుడొచ్చింది మనం."