మరిగేటమ్మకు సబ్బు మొక్కు

పూర్వం విక్టోరియా మహారాణి ఏలుబడిలో ఎర్రగెడ్డవలస అనే గ్రామంలో అసిరమ్మ అనే మంత్రసాని ఉండేది. ముప్పై ఏళ్లుగా ఊళ్లోని ప్రతి శిశువునూ తన చేతులమీదుగానే భూమ్మీదకు దించిన ఆ పుణ్యాత్మురాలు, కన్నకూతురు గవరమ్మ కడుపులో బిడ్డ అడ్డం తిరిగి రెండు రోజులుగా నొప్పులు పడుతుంటే మాత్రం చేష్టలుడిగి కూర్చుంది.

ఆ ఉదయం మార్గరెట్ అనే తెల్ల దొరసాని ఎడ్లబండిలో అటుగా పోతోంది. ఆడదానికి వైద్యమేమిటని తెల్లవాళ్ల సీమలో పన్నెండు కళాశాలలు తలుపులు మూసేస్తే పదమూడవ దాని గుమ్మంలో బైఠాయించి చదువుకున్న ధీమంతురాలామె. ఆ పట్టుదలంతా అక్కడే ఖర్చయిపోయిందేమో, తెలుగు మాత్రం "వేడినీళ్లు", "సబ్బు" అనే రెండు మాటలకు మించి పట్టుబడలేదు. గవరమ్మ కేకలు విని ఆమె బండి దిగితే, మ్లేచ్ఛకాంత పురిటిగదిలో అడుగు పెట్టరాదని గ్రామపెద్ద జగ్గునాయుడు సపరివారంగా గడపకు అడ్డం నిలిచాడు.

రోగి నాలుక చూడనిదే నాడి పట్టని దొరసాని, గుమ్మం అవతలి నుంచే గవరమ్మను నాలుక చాపమని అడగబోయి, మాట తెలియక తన నాలుకనే బారెడు చాపి, కళ్లు పెద్దవి చేసి, తల ఊపింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. అది పూనకం కాదని అసిరమ్మకు తెలుసు. పూనకాలు ఆమె చాలా చూసింది. కానీ కూతురు బతకాలి.

"తప్పుకోండర్రా, అమ్మ పూనీసినాది," అంటూ వేపమండ అందుకుంది.

నాయుడు గడప వదిలి చేతులు జోడించాడు. "ఏటి కావాల తల్లీ?"

"వేడినీళ్లు. సబ్బు," అంది తల్లి.

ఊరంతా పొయ్యిలు రాజేసింది. దొరసాని తన చేతులు మోచేతుల దాకా తోముకుని, అసిరమ్మ చేతులు కూడా లాక్కుని తోమింది. అడ్డం తిరిగిన బిడ్డను ఇద్దరూ కలిసి సరిచేసి బయటికి తీయగా, మధ్యాహ్నానికి తల్లీబిడ్డలిద్దరూ దక్కారు. తరువాత తెలుగు బాగా నేర్చుకుని తిరిగివచ్చి, తాను దేవతను కానని ఆమె ఎంత మొత్తుకున్నా, అమ్మవారికి అణకువ ఎక్కువని నాయుడు మరో రెండు కొబ్బరికాయలు కొట్టించాడు. మంత్రసాని చేతి మురికే బాలింతజ్వరం తెస్తుందని ఆమె చెప్పిన మాట మాత్రం అసిరమ్మ ఒక్కతే విన్నది.

దొరసాని బండి దిగిన చోట నిలిపిన రాయికి మార్గరేటమ్మ అని పేరు పెట్టగా, అది నోళ్లలో నాని మరిగేటమ్మ అయింది. నీళ్లు మరిగించిన తల్లి కనుక ఆ నామం వచ్చిందని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. నేటికీ భక్తులు నాలుక చాపి దర్శనం చేసుకుంటారు. అభిషేకం వేడినీళ్లతో, మొక్కుబడి సబ్బుబిళ్లతో.

రాయి పక్కనున్న రాతితొట్టి అసిరమ్మ పెట్టించినదే. బతికినంతకాలం ప్రతి పురుటికీ ముందు అక్కడే చేతులు తోముకునేది. అమ్మవారి మహిమలు చెప్పమని అడిగితే, "మా గవరి బతికినాది. అంతకుముందు నా సేతుల్లో పోయినోళ్ల పేర్లన్నీ నాకు గుర్తే," అని మళ్లీ సబ్బు అందుకునేది. ఆ తొట్టిలో చేతులు కడుక్కోనిదే ఆ ఊళ్లో నేటికీ ఎవరూ పసిబిడ్డను ఎత్తుకోరు.