పొలిమేర దాటని బండి

ఆ ఊళ్ళో ముందు దూలాల మీంచి ఎలుకలు రాలాయి. తర్వాత మనుషులు రాలారు.

మహమ్మారి వస్తే ఏం చెయ్యాలో ఊరికి తెలుసు. కొయ్యతో అమ్మవారి బొమ్మ చెక్కి, చీర కట్టి, కుండెడు బియ్యం, రెండు ముంతలు పక్కన పెట్టి, బండి మీద పక్కూరి పొలిమేరలో వదిలి రావాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. తాతల నాటి పద్ధతి. మరి పక్కూరి గతేమిటని ఏ తాతా అడగలేదు లెండి!

బండి తొయ్యడం తలారి పని. అతను ఊరి పెద్ద కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యా, నా కూతుర్ని ఇచ్చింది ఆ ఊరికే. ఉన్నదొక్కతే పిల్ల. ఈసారికి పడమటికి పంపుదాం."

"పడమట మా అత్తారూరురా," అన్నాడు పెద్ద.

ఏం చేస్తాడు పాపం, తోశాడు. ఇరుసు కిర్రుమన్నప్పుడల్లా ఆగి, మళ్ళీ తోశాడు. సరిహద్దు రాయి దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఇంకో బండి. తోస్తున్నది ఆ ఊరి తలారి, తన వియ్యంకుడే.

"మీ ఊళ్ళో కూడానా, బావగారూ?"

వియ్యంకుడు తలెత్తలేదు. "బొమ్మ చెక్కేవాడు పోయాడు బావా. అమ్మ సోకిన మనిషినే పంపెయ్యమన్నారు."

ఆ బండిలో మొహం నిండా పసుపుతో, చంకలో గడ్డతో కూతురు మూలుగుతోంది.

"నేనొస్తే మనూరికి చేటు," అంది. "వెళ్ళిపో నాన్నా. వెనక్కి చూడకు."

తలారి చూశాడు. కూతుర్నీ చూశాడు, బొమ్మనీ చూశాడు. ఇద్దరి మొహాలకీ అదే పసుపు. ఇద్దర్నీ పొమ్మన్నవాళ్ళే గానీ ఉండమన్నవాళ్ళు లేరు. అతనికి ఏడుపొచ్చింది.

కూతుర్ని దింపి చెట్టునీడన పడుకోబెట్టాడు. బొమ్మనీ పక్కనే కూర్చోబెట్టాడు. రెండు బండ్ల చక్రాలూ ఊడబెరికి, సరిహద్దు రాయికేసి బాదాడు.

"అపచారం బావా! ఇక మనల్ని ఊళ్ళోకి రానిస్తారా?"

"రానివ్వకపోతే మానె. వాగులో నీళ్ళు తెండి."

ఆ చక్రాల చెక్కతోనే పొయ్యి రాజేసి, అమ్మవారి బియ్యంతోనే గంజి కాచాడు. ఒక ముంత కూతురికి తాగించాడు. రెండోది బొమ్మ ముందు పెట్టాడు.

"నువ్వూ తాగు తల్లీ. ఎన్నూళ్ళు తిరిగావో ఏమో! ఇక ఇక్కడే ఉండు."

తెల్లవారి కూతురు ఒళ్ళు చల్లబడింది. ఆకలేస్తోందంది. గంజి పొయ్యడానికి తలారి ముంతల కోసం వంగాడు.

రెండూ ఖాళీగా ఉన్నాయి.