గ్రీజు మూత

"గురువుగారూ, తనలో కోపం పోయిందని మనిషికి ఎలా తెలుస్తుందండీ?"

చయనులు ఈ ప్రశ్న తెలియక అడగలేదు. తెలిసిపోయిందనుకుని అడిగాడు. పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లాడు, ఎన్ని మార్కులొస్తాయో మేష్టారి నోట వినాలని ఆయన చుట్టూ తిరుగుతాడు చూశారూ, అదీ సంగతి. ఇరవై రెండేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన మనిషి, యాభై ఆరేళ్ళ వయసులో, గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న ఆశ్రమం వరండాలో చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

అడగడానికి కారణం జేబులో ఉంది. కూతురు హైమవతి రాసిన ఉత్తరం. నాలుగేళ్ళ కిందట ఆ పిల్లని అత్తింటివాళ్ళందరి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పుడు అతనికే సరిగ్గా గుర్తులేదు, కాఫీ ఆలస్యమైందనో ఏదో. అన్న మాటలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి కూతురు మాట్లాడటం మానేసింది. ఆ సిగ్గుతోనే వచ్చి ఆశ్రమంలో పడ్డాడు. ఇన్నాళ్ళకి ఆమె రాసింది: "నాన్నా, వచ్చే ఆదివారం బాబుకి అన్నప్రాశన. మొదటి ముద్ద నీ చేత పెట్టించాలని ఉంది. కానీ మా ఇంట్లో నీ గొంతు ఒక్కసారి లేచిందంటే, ఇక జన్మలో నీ ముఖం చూడను. నీ మీద నీకు నమ్మకం ఉంటేనే రా."

నమ్మకం ఉంది. నాలుగేళ్ళుగా గొంతెత్తి ఒక్క మాట అనలేదు. తెల్లారి నాలుక్కి లేచి జపం, మధ్యాహ్నం పారాయణ, రోజూ గంట మౌనం. "నీకు కోపం పోయింది, నిక్షేపంలా వెళ్ళిరా" అని గురువుగారు ఒక్క మాటంటే, ఆ మాట పట్టుకుని మనవడి దగ్గరికి పరిగెత్తాలని ఉంది.

ఆ గురువుగారి పేరు నూకయ్య. కాషాయం కట్టకముందు చేపల రేవులో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ప్రసంగాలు చెయ్యరు. ప్రశ్న అడిగితే పని చెబుతారని ఆశ్రమంలో ఆయనకి పేరు. ఆ రోజూ అంతే అయింది.

"చూద్దాంలే," అన్నారాయన. "నేరేడులంక వాళ్ళు ఫోన్ చేశారు. వరద ఊరి చుట్టూ తిరిగేసిందిట, తాగడానికి నీళ్ళు లేవుట. పడవ కట్టించు, వెళ్దాం."

ఆశ్రమానికి ఒక ఫైబర్ పడవ ఉంది. దాన్ని రోడ్డు మీద తీసుకెళ్ళడానికి రెండు చక్రాల ట్రైలరు ఉంది. ఆ ట్రైలరు ఆలనాపాలనా రెండేళ్ళుగా చయనులుదే. చక్రం నడిమధ్యన గిన్నె బోర్లించినట్టు ఇనపమూత ఒకటుంటుంది. దాని కింద గ్రీజు, గ్రీజులో బేరింగులు, వాటి మీదే చక్రం తిరిగేది. చయనులు ఆ మూతల్ని చింతపండు పెట్టి తోమి, ముఖం కనబడేలా మెరిపించి, కుంకుమ బొట్లు పెట్టేవాడు. ట్రైలరు ఎక్కడికెళ్ళొచ్చినా సరే, అది ఆగీ ఆగకముందే బిందెలతో నీళ్ళు తెచ్చి చక్రాల మీద గుమ్మరించేవాడు. ఊళ్ళన్నీ తిరిగి మైలపడి వచ్చింది, స్నానం చేయించకుండా ఎలా ఉంచుతామని అతని బాధ. "మూతలు విప్పి చూశావా?" అని గురువుగారు ఒకసారి అడిగితే, "విప్పడం దేనికండీ, అద్దంలా ఉన్నాయి," అన్నాడు.

నీళ్ళ క్యాన్లు జీపులోకి, పడవలోకి ఎక్కించి బయల్దేరారు. జీపు నడిపేది లోవమ్మ. నలభై ఏళ్ళ మనిషి. మొగుడు పోయాక అతని జీపు తనే అందుకుంది. ఎంత ఇరుకు గట్టు మీదైనా ట్రైలరు వెనక్కి నడపడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు. గురువుగారు ఆమె పక్కన, చయనులు వెనక క్యాన్ల మధ్య కూర్చున్నారు.

పది పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాక ఒక టీ బడ్డీ దగ్గర గురువుగారు ఆపమన్నారు. ఎప్పుడు వెళ్ళినా ఆయన మధ్యలో ఎక్కడో ఆపిస్తారు. దిగి, ట్రైలరు చుట్టూ తిరిగి, రెండు చక్రాల నడుమా అరచెయ్యి ఆనిస్తారు. అది ఆశీర్వాదమని చయనులు నమ్మకం. కొత్తగా వచ్చిన శిష్యులకి భక్తిగా చెప్పేవాడు కూడా, గురువుగారికి జడపదార్థం మీద కూడా ఎంత కరుణో చూశారా అని. తనూ ప్రతి ఉదయం అలాగే చెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు.

ఆ రోజు కుడి చక్రం మీద చెయ్యి పెట్టి తీశారు. ఎడమ చక్రం మీద పెట్టారో లేదో, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నారు.

"కాలిపోతోంది," అన్నారు.

చయనులు బడ్డీ పక్కన బకెట్టు కనిపిస్తే అందుకుని, నీళ్ళు ముంచుకుని పరిగెత్తుకొచ్చాడు. పొయ్యబోతుంటే గురువుగారు బకెట్టు అంచు పట్టుకుని ఆపారు.

"నువ్వు పాఠాలు చెప్పావు కదా. వేడెక్కిన డబ్బా మీద ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"లోపలి గాలి సంకోచిస్తుందండీ," అని మొదలుపెట్టాడు చయనులు, క్లాసులో నిలబడ్డట్టు. "పీడనం తగ్గుతుంది. బయటి పీడనం ఎక్కువ కాబట్టి, ఏ చిన్న సందు దొరికినా అందులోంచి బయటి నీటిని లోపలికి..."

అక్కడ ఆగిపోయాడు. రెండేళ్ళుగా తను గుమ్మరించిన బిందెలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. ఇరవై రెండేళ్ళు అదే పాఠం బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు, ఆ సంగతి చక్రం దగ్గర ఒక్కనాడూ తట్టలేదు.

"చల్లారనీ," అన్నారు గురువుగారు. బల్ల మీద కూర్చుని టీ చెప్పారు.

అరగంట పట్టింది. ఆ అరగంటలో నేరేడులంక నుంచి మూడుసార్లు ఫోనొచ్చింది. ఎక్కడున్నారండీ, పిల్లలు దాహానికి ఏడుస్తున్నారండీ అని. మూడుసార్లూ చయనులే మాట్లాడాడు. టీ బడ్డీ దగ్గర నలుగురు చేరి, ఏమైందండీ, ఎవరు చూసుకుంటారండీ దీన్ని, అని ఆరాలు. తల కొట్టేసినట్టుంది అతనికి.

చల్లారాక గురువుగారు చెప్పినట్టు జాకీ పెట్టి, మూత అంచున స్క్రూడ్రైవరు ఆనించి సుత్తితో తట్టాడు. తళతళలాడే మూత ఊడి చేతిలోకొచ్చింది. లోపల గ్రీజు లేదు. అంటే, ఒకప్పుడు గ్రీజు అయినది ఉంది. తెల్లగా, విరిగిన పెరుగులా. వేలితో తీస్తే నీళ్ళు కారాయి. దాని వెనక బేరింగు తుప్పుపట్టి ఎర్రగా ఉంది.

లోవమ్మ తొంగిచూసి, "అయ్యో!" అంది. "నేను పోయినేడాదే చెబుదామనుకున్నానండీ చయనులుగారూ. బండి రాగానే అలా నీళ్ళు కొట్టకూడదండి, కాసేపు..."

"నోర్ముయ్!"

ఆ కేకకి బడ్డీవాడి చేతిలో గ్లాసు జారింది.

"అప్పుడే చెప్పడానికేం నొప్పి? చెప్పకుండా ఊరుకుని, ఇప్పుడు నలుగురి ముందూ దెప్పుతావా? జీపు తోలుకునేదానివి, నువ్వా నాకు చెప్పేది! నీ హద్దులో నువ్వుండు!"

ఇంకా ఏమేమో అన్నాడు. ఒంటికాలి మీద లేచి, సుత్తి ఉన్న చెయ్యి ఊపుతూ అన్నాడు. అంటున్నంతసేపూ ఆ మాటలు కొత్తవి కావని అతనికి తెలుస్తూనే ఉంది. నాలుగేళ్ళ కిందట కూతుర్ని అన్నవి కూడా దాదాపు ఇవే. మధ్యలో ఎక్కడో ఊపిరందక ఆగాడు. లోవమ్మ వెళ్ళి జీపులో కూర్చుంది. బడ్డీ దగ్గరి నలుగురూ మెల్లగా జారుకున్నారు.

చయనులు నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. నాలుగేళ్ళ జపం, మౌనం, అంతా నీళ్ళపాలైందనిపించింది. హైమవతి ఇంట్లోనే ఇలా అరిచి ఉంటే? పీట మీద కూర్చోబెట్టిన పసివాడు తన గొంతు విని జడుసుకుని ఉంటే?

గురువుగారు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. జీపులోంచి గోనెసంచి దింపి అతని ముందు పెట్టారు. అందులో కొత్త బేరింగులు, నీళ్ళు చొరబడకుండా వేసే సీలు, కిరసనాయిలు సీసా, గ్రీజు డబ్బా.

"పాతది మొత్తం తుడిచెయ్. దాని మీదే కొత్త గ్రీజు పెట్టకు."

చక్రం ఊడదీసి, కిరసనాయిలుతో లోపలంతా కడిగి, పాత గుడ్డతో పొడిగా తుడిచాడు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని అందులోకి నొక్కుతూ తిప్పమన్నారు గురువుగారు. ఒక పక్క నొక్కిన గ్రీజు లోపలి ఇనపగుళ్ళ మధ్యనుంచి రెండో పక్కకి పైకి వచ్చేదాకా నొక్కాలిట. చయనులు పైపైన పూసి చూపించాడు. "ఇంకా," అన్నారు. మళ్ళీ నొక్కాడు. "ఇంకా." చివరికి అవతలి పక్కన సన్నగా గ్రీజు పైకి లేచింది. మోచేతులదాకా జిడ్డు, పంచె నిండా మరకలు. గ్రీజంటే అసహ్యించుకునే మనిషి, రెండేళ్ళలో అది చేతికి అంటడం అదే మొదటిసారి.

నట్టు బలంకొద్దీ బిగించబోతే గురువుగారు మళ్ళీ ఆపారు. బిగించి, కాస్త వెనక్కి వదలమన్నారు. "ఊపిరాడాలి దానికి," అన్నారు. చక్రం వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. మూత కొట్టి జాకీ దింపాక, "ముందుకొచ్చి కూర్చో," అని చయనులుని లోవమ్మ పక్కకి పంపి, తను వెనక క్యాన్ల మధ్యకి వెళ్ళారు.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక చయనులు గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"లోవమ్మా, నేనన్నది చాలా తప్పు. నన్ను క్షమించు."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మనసు కష్టమైందండి. కాలేదంటే అబద్ధం. కానీ మీ కోపం నాకు కొత్తేంటండీ? పూజ పళ్ళెంలో పువ్వు అటుదిటైతే మీ దవడ బిగుసుకుంటది. పారాయణలో ఎవరైనా దగ్గితే మీ చెవులు ఎర్రబడతాయి. ఆశ్రమంలో అందరం చూస్తూనే ఉంటామండి. మీకే తెలీదు."

"మరి ఎవరూ చెప్పలేదే?"

"చెబితే ఏమవుద్దో ఇందాక చూశాం కదండీ."

చయనులు ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూసి లోవమ్మే నవ్వేసింది. తర్వాత చాలాసేపటికి అతనూ నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. గ్రీజు చెయ్యి మరిచిపోయి తుడుచుకోవడంతో చెంప మీద నల్లటి చార పడింది.

ఇంకో పది కిలోమీటర్లయ్యాక లోవమ్మ ఎవరూ చెప్పకుండానే జీపు ఆపింది. చయనులు దిగి, ఎడమ చక్రం మీద అరచెయ్యి పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. గోరువెచ్చగా ఉంది, చెయ్యి ఆనించి ఉంచుకోగలిగాడు. కుడిదీ చూశాడు. అదీ అంతే. తిరిగెళ్ళాక అది కూడా విప్పాలి, అన్నాడు. చక్రాలు చల్లబడేదాకా రేవు మొదట్లోనే ఆగి, ఆ తర్వాతే ట్రైలరు నీళ్ళలోకి దింపారు. నేరేడులంకకి గంటన్నర ఆలస్యంగా చేరాయి క్యాన్లు. అక్కడివాళ్ళు చెడామడా తిట్టారు. చయనులు ఆ తిట్లన్నీ తలొంచుకుని విని, క్యాన్లు మోశాడు.

సాయంత్రం పడవ మళ్ళీ ట్రైలరెక్కించి, రేవు మెట్ల మీద కూర్చుని చేతులు కడుక్కుంటుంటే గురువుగారు పక్కకొచ్చి కూర్చున్నారు. చయనులు ఉత్తరం తీసి ఆయనకిచ్చాడు. జేబులో ఉండి దానిక్కూడా జిడ్డంటింది. ఆయన నిదానంగా చదివారు.

"నేను వెళ్ళనండీ," అన్నాడు చయనులు. "నా మీద నాకు నమ్మకం లేదు. రాలేనని రాసేస్తాను. పిల్లాడు పెద్దయ్యాక ఎప్పుడైనా, నాలో ఇదంతా పూర్తిగా పోయాక వెళ్తాను."

గురువుగారు ఉత్తరం మడిచి అతని చేతిలో పెట్టారు.

"అన్నప్రాశన ఎన్ని గంటలకి?"

"పదిన్నరకండీ."

"స్కూటరు మీద ఎంతసేపు?"

"గంట ప్రయాణమండీ."

"అయితే రెండు గంటల ముందు బయల్దేరు," అన్నారు గురువుగారు లేస్తూ. "మధ్యలో ఆగి చూసుకోవాలి కదా."